బాయిలర్ ఆగిపోయిందా? మూత విప్పకుండా మీరు చూసుకోగలిగినవి, ఇంజనీరుకే వదిలేయాల్సినవి

అక్టోబరు చివర్లో చలి ముదరగానే ఒకే ప్రశ్న పదిమంది అడుగుతారు. "అన్నా, బాయిలర్ ఆగిపోయింది. స్క్రీన్ మీద ఏదో ఎర్రగా వెలుగుతోంది. వేడినీళ్లు లేవు, ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఇప్పుడేం చేయాలి?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

బ్రిటన్‌లో మనవాళ్లు అద్దెకుండే ఇళ్లలో, ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది కాంబీ బాయిలర్. అందుకే దాని గురించే చెబుతాను. దీనికి వేడినీళ్ల ట్యాంకు వేరుగా ఉండదు. కుళాయి తిప్పితే అప్పటికప్పుడు నీళ్లు కాచి ఇస్తుంది. రేడియేటర్లలో తిరిగే నీళ్లనూ అదే వేడి చేస్తుంది. కుళాయి నీళ్లు వేరు, రేడియేటర్ నీళ్లు వేరు, రెండూ కలవవు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. బాయిలర్ ముందు మూతకు అవతల గ్యాస్, మంట, పొగ పోయే దారి ఉంటాయి. ఇవతల నీళ్ల ప్రెషర్, కరెంటు స్విచ్, గదికి ఎంత వేడి కావాలో పెట్టుకునే థర్మోస్టాట్, గోడ బయటి ప్లాస్టిక్ పైపు ఉంటాయి. ఇవతలివి మీరు చూసుకోవచ్చు. అవతలివి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేయడానికి చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్ల జాబితాలో) ఉన్న ఇంజనీరు మాత్రమే ముట్టుకోవాలి. వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ తీసే తమ్ముళ్లకు మరీ మరీ చెబుతున్నాను: చాలా బాయిలర్లలో ఆ మూతే పొగను గదిలోకి రాకుండా ఆపుతుంది. దాన్ని విప్పి, మళ్లీ సరిగ్గా బిగించలేకపోతే విషవాయువు ఇంట్లోకి వస్తుంది.

అన్నిటికంటే ముందు

గ్యాస్ వాసన వస్తుంటే ఈ వ్యాసం చదవడం ఆపేయండి. ఏ స్విచ్చూ వేయొద్దు, వేసి ఉన్నదాన్ని ఆపొద్దు. అగ్గిపుల్ల, లైటర్ జోలికి పోవద్దు. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. గ్యాస్ మీటర్ దగ్గరి మీట అందుబాటులో ఉంటే పైపుకు అడ్డంగా తిప్పి ఆపేయండి. అందరూ బయటికి వచ్చేశాక, బయటి నుంచే 0800 111 999కి ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.

పైన చెప్పిన విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆయాసం ఉండి, బయటికి వెళ్తే తగ్గిపోతుంటే జలుబో జ్వరమో అనుకోకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉంటే మరీ అనుమానించాలి. బాయిలర్ చుట్టూ పసుపు, గోధుమ రంగు మరకలో మసో కనిపించినా, నీలంగా ఉండాల్సిన మంట పసుపు, నారింజ రంగులో ఊగుతున్నా ప్రమాదమే. ఈ వాయువును పసిగట్టే అలారం మోగినా ఇంతే: బాయిలర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి అదే నంబరుకు ఫోన్ చేయండి. స్పృహ తప్పినట్టుంటే 999.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ముందు అది పెట్టించండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి, అద్దె ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో ఈ అలారం పెట్టడం ఇంటి ఓనరు బాధ్యత. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడటం మాత్రం మన పని.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బాయిలర్ యూజర్ మాన్యువల్. పోయిందా? బాయిలర్ మీది మోడల్ పేరు కొట్టి వెతికితే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.
- రేడియేటర్ కీ, పాత గుడ్డ, చిన్న గిన్నె.
- టార్చి. ఫోన్ లైటు చాలు.
- థర్మోస్టాట్‌కు సరిపడే కొత్త బ్యాటరీలు.
- మూతి ఉన్న జగ్గు.
- కాగితం, పెన్ను. ఏ అంకె చూశారో, ఎప్పుడు చూశారో రాసుకోవడానికి. చివరికి ఇంజనీరు వచ్చినా ఈ కాగితం అతని సగం సమయం మిగులుస్తుంది.

1. స్క్రీన్ మీద ఏముందో ఫోటో తీయండి

రీసెట్ నొక్కకముందే తీయండి. నొక్కితే కోడ్ పోతుంది, తర్వాత గుర్తుండదు. ఒక్కో కంపెనీ కోడ్ ఒక్కోలా ఉంటుంది. వైలంట్‌లో ఎఫ్22, ఐడియల్‌లో ఎఫ్1, బాక్సీలో ఈ119 కనిపిస్తే నీళ్ల ప్రెషర్ తగ్గిందని అర్థం. అది మీరే సరిచేసుకోవచ్చు, 3వ మెట్టుకు వెళ్లండి. వైలంట్‌లో ఎఫ్28, ఐడియల్‌లో ఎల్2, బాక్సీలో ఈ133 అంటే మంట అంటుకోలేదని. దానికి గ్యాస్ రాకపోవడం కారణం కావచ్చు, బయటి పైపు గడ్డకట్టడం కావచ్చు, లోపల ఏదైనా చెడిపోయి ఉండొచ్చు. మోడల్‌ను బట్టి అర్థం మారొచ్చు కాబట్టి మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి.

2. కరెంటు, గ్యాస్, గడియారం

ఇంత చిన్నవా అనిపిస్తుంది గానీ, ఫోన్ చేసినవాళ్లలో చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

స్క్రీన్ అసలు వెలగకపోతే బాయిలర్ పక్క గోడకున్న స్విచ్ చూడండి. గిన్నెలు తుడుస్తూ ఎవరో ఆపేసి ఉంటారు. అది వేసే ఉంటే ఇంటి ఫ్యూజ్ బాక్సులో ఏదైనా ట్రిప్ అయిందేమో చూడండి. ఒక్కసారి పైకి నెట్టి చూడొచ్చు. మళ్లీ పడిపోతే రెండోసారి నెట్టొద్దు. లోపల వైర్ల మీద నీళ్లు కారుతుండొచ్చు.

గ్యాస్ వస్తోందో లేదో చూడటానికి వంటగదిలో గ్యాస్ స్టౌ వెలిగించండి. అదీ వెలగకపోతే తప్పు బాయిలర్‌ది కాదు. ప్రీపేమెంట్ మీటర్ ఉన్న ఇంట్లో బ్యాలెన్స్ అయిపోయిందేమో చూసుకోండి. మీటర్ మీట ఆపేసి ఉంటే, ఎవరు ఎందుకు ఆపారో తెలిసేదాకా దాన్ని తిప్పొద్దు.

తర్వాత థర్మోస్టాట్. గదిలో ఇప్పుడున్న వేడికంటే ఎక్కువకు పెట్టండి. బాయిలర్ లోపల టిక్కుమని కదలిక వినిపించాలి. స్క్రీన్ మసకగా ఉన్నా, ఖాళీగా ఉన్నా బ్యాటరీలు మార్చండి. ఇక టైమర్: మార్చి చివర్లో, అక్టోబరు చివర్లో గడియారాలు గంట జరుగుతాయి. టైమర్ తనంతట తాను జరగని పాత రకమైతే, "పొద్దున ఆరింటికి రావాల్సిన హీటింగ్ రాలేదు" అన్న ఫిర్యాదుకు కారణం అదే.

3. ప్రెషర్ చూడండి, తగ్గితే నింపండి

బాయిలర్ ముందు గుండ్రటి మీటరో, స్క్రీన్ మీద అంకెలో ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. హీటింగ్ నడుస్తున్నప్పుడు కొంచెం పెరిగి 2 దాకా వెళ్లినా కంగారు పడక్కర్లేదు. 1 కంటే కిందికి దిగితే నింపాలి. బాగా దిగితే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది.

నింపడానికి ఉండేదే ఫిల్లింగ్ లూప్. ఎక్కువ ఇళ్లలో బాయిలర్ కింద, వెండిరంగు తీగతో జడలా అల్లిన పొట్టి గొట్టంలా ఉంటుంది, రెండు చివర్లా చిన్న వాల్వులుంటాయి. కొన్ని మోడళ్లలో గొట్టం కనిపించదు, కింద మీటో తాళంచెవిలాంటి ప్లాస్టిక్ ముక్కో ఉంటుంది. అలాంటిదైతే మాన్యువల్ చూడకుండా చేయొద్దు.

అ) బాయిలర్ ఆపి, చల్లారనివ్వండి.

ఆ) గొట్టం రెండు చివర్లా గట్టిగా బిగిసి ఉందో లేదో చూడండి.

ఇ) ముందు ఒక వాల్వు పూర్తిగా తెరవండి. రెండోదాన్ని చాలా నెమ్మదిగా తిప్పండి. సన్నగా 'స్‌స్‌స్' మని నీళ్లు వెళ్లే శబ్దం వస్తుంది.

ఈ) కళ్లు మీటరు ముల్లు మీద నుంచి తీయొద్దు. 1.2, 1.3 దగ్గరికి రాగానే మూయడం మొదలుపెట్టండి. 1.5 దాటనివ్వకండి.

ఉ) రెండు వాల్వులూ మూయండి. తిప్పేది మీట అయితే గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు. గొట్టం ఊడదీయగలిగే రకమైతే తీసి పక్కన పెట్టండి, కింద గిన్నె పెట్టుకుని.

ఊ) బాయిలర్ వేసి, అవసరమైతే ఒకసారి రీసెట్ నొక్కండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒక వాల్వు కొంచెం తెరిచి వదిలేయడం. నేనే మొదటి ఏడాది అలా చేశాను. నింపేశానన్న సంతోషంలో పిల్లల్ని బడిలో దింపి వచ్చేసరికి ముల్లు 3 మీద నిలబడి ఉంది, గోడ బయటి రాగి గొట్టంలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీళ్లు బయటికి వదులుతుంది. అది దాని పనే. కానీ ఒకసారి తెరుచుకున్న వాల్వు మళ్లీ గట్టిగా మూసుకోకుండా సన్నగా కారుతూ ఉండిపోవచ్చు. అందుకే నింపిన పావుగంటకు, ఒక గంటకు, మర్నాడు పొద్దున మూడుసార్లు ముల్లు చూడండి. పొరపాటున 2 దాటి నింపేస్తే, ఏదైనా చల్లటి రేడియేటర్‌లోంచి కీతో కొంచెం నీళ్లు వదిలితే దిగుతుంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపాల్సి వస్తే మామూలే. వారానికోసారి నింపుతున్నారంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. రేడియేటర్ల వాల్వుల కింద పొడి టిష్యూ ఒత్తి చూడండి, తడి ఉంటే తెలుస్తుంది. బయటి రాగి గొట్టం చివర తడిగా ఉందేమో చూడండి. ఇంకో రకం ఉంది: హీటింగ్ వేయగానే ముల్లు 3 వైపు పరుగెడుతుంది, చల్లారాక సున్నాకు పడిపోతుంది. బాయిలర్‌లో ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే భాగం ఉంటుంది, వేడికి ఉబ్బే నీళ్లకు చోటిచ్చేది అదే. దానిలో గాలి పోతే ఇలా జరుగుతుంది. ఇలాంటప్పుడు నింపుతూ కూర్చోకండి, ఇంజనీరును పిలవండి.

4. బయట గడ్డకట్టే చలి ఉంటే, తెల్ల పైపు

రాత్రంతా మంచు పడి, పొద్దున లేవగానే బాయిలర్ గుడగుడమంటూ ఆగిపోతే ముందు దీన్నే అనుమానించండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ కండెన్సింగ్ బాయిలర్లే. ఇవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి, ప్లాస్టిక్ పైపులోంచి బయటి కాలువలోకి వదులుతాయి. తెల్లగానో బూడిదరంగులోనో ఉండే ఆ పైపు గోడ బయట ఉంటే, దాంట్లో నీళ్లు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నీళ్లు వెనక్కి నిండడంతో బాయిలర్ ఆగిపోతుంది.

పైపు వంపు తిరిగే మూలల్లో, కాలువలోకి దిగే చివర ఎక్కువగా గడ్డకడుతుంది. నేల మీద నిలబడి చేతికి అందితేనే ఈ పని చేయండి. మంచులో నిచ్చెన ఎక్కొద్దు.

జగ్గులో గోరువెచ్చటి నీళ్లు తీసుకుని పైనుంచి కిందికి, పైపు వెంట నెమ్మదిగా పోయండి. మరిగే నీళ్లు వద్దు, పైపు పగిలిపోతుంది. వేడినీళ్ల రబ్బరు సంచి గుడ్డతో చుట్టి మూల దగ్గర ఆనించి పట్టుకున్నా కరుగుతుంది. ఒక మిత్రుడి ఇంట్లో ఆరు జగ్గులు పోశాక లోపల టక్కుమని ఏదో జారిన చప్పుడైంది, వెంటనే కాలువలోకి గడగడా నీళ్లొచ్చాయి. ఆ చప్పుడు విన్నాకే రీసెట్ నొక్కాలి. అంతకుముందు ఎన్నిసార్లు నొక్కినా బాయిలర్ నడవదు. నేల మీద పడిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి జారుతాయి, దారిలో ఉప్పు చల్లండి.

బాయిలర్ నడిచాక ఆ చలి తగ్గేదాకా హీటింగ్ ఎక్కువసేపు ఆపకుండా తక్కువ మీద ఉంచితే మళ్లీ గడ్డకట్టే అవకాశం తగ్గుతుంది. పైపు మీద బయట వాడే ఫోమ్ తొడుగు వేయించండి. చివర మూయకండి.

5. రీసెట్: రెండుసార్లు, అంతే

బటన్‌ను మాన్యువల్‌లో చెప్పినంతసేపు పట్టుకుని వదలండి. ఒక నిమిషం ఆగండి. మంట అంటుకోకపోతే కొన్ని నిమిషాలు ఆగి ఇంకొక్కసారి. అంతకు మించి వద్దు. ఇరవైసార్లు నొక్కి "ఇరవై ఒకటోసారి వచ్చింది" అని చెప్పేవాళ్లు ఉన్నారు. అంటుకోని ప్రతిసారీ కొంచెం గ్యాస్ లోపల మిగలొచ్చు, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఒకసారి వెలిగి గంటలో మళ్లీ ఆగినా అది బాగైనట్టు కాదు.

పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతుండే పాత బాయిలర్ అయితే, లేబుల్ మీద ఉన్న పద్ధతిలోనే వెలిగించాలి. వెలిగించినా మళ్లీ మళ్లీ ఆరిపోతుంటే ఇక ప్రయత్నించకండి.

6. బాయిలర్ బాగానే ఉంది, రేడియేటర్ వేడెక్కడం లేదు

చేత్తో తడిమి చూస్తే సగం తెలిసిపోతుంది. కింద వేడి, పైన చల్లగా ఉంటే లోపల గాలి నిండింది. పైన వేడిగా ఉండి, కింద నడుమ చల్లగా ఉంటే అడుగున తుప్పు మడ్డి పేరుకుంది. గాలి మీరే తీయొచ్చు. మడ్డి కడగాలంటే ఇంజనీరు రావాలి.

గాలి తీయడానికి: హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారనివ్వండి. పై మూలలో చిన్న చదరపు పిన్ను ఉంటుంది. కింద గిన్నె, చుట్టూ గుడ్డ పెట్టి కీని ఎడమవైపుకు పావు వంతు తిప్పండి. గాలి బుస్సుమని వస్తుంది. నీళ్లు రాగానే మూసేయండి. పిన్ను పూర్తిగా తిప్పేస్తే ఊడి చేతికొస్తుంది, నల్లటి నీళ్లు కార్పెట్ మీద పడతాయి, ఆ మరక పోదు. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. అన్నీ అయ్యాక ప్రెషర్ తప్పకుండా చూడండి. గాలి పోతే అదీ దిగుతుంది. చాలామంది ఇది మర్చిపోయి "గాలి తీశాక బాయిలరే ఆగిపోయింది" అంటారు.

ఒక్క రేడియేటర్ మాత్రమే, పైనుంచి కిందిదాకా చల్లగా ఉంటే దాని ఒక చివర అంకెలున్న తిప్పుడు వాల్వును అనుమానించండి. వేసవంతా మూసి ఉంచితే లోపలి పిన్ను బిగుసుకుపోతుంది. అంకెల తల కింది రింగు వదులు చేసి తల తీస్తే సన్నటి పిన్ను కనిపిస్తుంది. వేలితో మెత్తగా నొక్కండి, స్ప్రింగులా పైకి లేవాలి. లేవకపోతే ఏదైనా చెక్కముక్కతో చుట్టూ మెల్లగా తట్టి మళ్లీ నొక్కండి. ప్లయర్స్‌తో పైకి లాగకండి. పిన్ను ఊడితే నీళ్లు ఎగచిమ్ముతాయి. రెండో చివర ప్లాస్టిక్ టోపీ కింద ఉన్న వాల్వు జోలికి వెళ్లకండి, దాన్ని తిప్పితే ఇంటి మొత్తం వేడి పంపకం చెడుతుంది.

7. వేడినీళ్లు వస్తాయి, హీటింగ్ రాదు. లేదా తలకిందులుగా

2వ మెట్టులో చెప్పినవన్నీ చూశారా? అయినా కుళాయిలో వేడినీళ్లు వస్తూ రేడియేటర్లు చల్లగానే ఉంటే, లేదా హీటింగ్ వేస్తేనే వేడినీళ్లు వస్తుంటే, నీళ్లను ఇటూ అటూ మళ్లించే డైవర్టర్ వాల్వు పట్టేసి ఉండొచ్చు. అది మూత లోపల ఉంటుంది కాబట్టి మన పని కాదు. బాయిలర్ కెటిల్ మరుగుతున్నట్టు రొద చేస్తుంటే లోపల సున్నమో మడ్డో పేరుకుంది. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ లాంటి కఠిన జలాల ప్రాంతాల్లో ఇది ఎక్కువ. ఇది కూడా ఇంజనీరుకే.

ఇంకేమీ ముట్టుకోకుండా ఇంజనీరును పిలవాల్సినవి

బాయిలర్ లోపలి నుంచి నీళ్లు కారుతుంటే కింద గిన్నె పెట్టి, గోడ స్విచ్ ఆపేసి పిలవండి. కాలిన వాసన, ఢామ్మని మంట అంటుకోవడం, పొగ గొట్టం ఊడిపోవడం లేదా పగలడం, మళ్లీ మళ్లీ ట్రిప్ అవడం, రెండు రీసెట్ల తర్వాతా అదే కోడ్ రావడం, వీటిలో ఏది కనిపించినా సొంత ప్రయత్నం మానేయండి.

అద్దె ఇల్లయితే ముందు ఓనరుకో ఏజెన్సీకో ఫోటోలతో సహా మెసేజ్ రాసి పంపండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. ఏటా గ్యాస్ సేఫ్టీ తనిఖీ చేయించి, 28 రోజుల్లోగా దాని కాపీ మీకివ్వడం ఓనరు చట్టబద్ధ బాధ్యత. మొహమాటపడకుండా అడగండి. చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి.

సొంతంగా పిలుస్తుంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో వెతకండి. 2009 ఏప్రిల్ 1న కోర్గీ అనే పాత రిజిస్టర్ స్థానంలో ఇది వచ్చింది. ఇప్పటికీ "కోర్గీ ఇంజనీరును" అని చెప్పుకునేవాళ్లను నమ్మకండి. గుమ్మం దగ్గరే ఐడీ కార్డు అడగండి. ముందువైపు ఫోటో, లైసెన్స్ నంబరు, గడువు తేదీ చూడండి. కార్డు వెనక్కి తిప్పి, ఏయే పనులకు అర్హత ఉందో చదవండి. గ్యాస్ కుక్కర్‌కు అర్హత ఉన్నంత మాత్రాన బాయిలర్‌కు ఉండాలని లేదు. కార్డు అడిగితే మంచి ఇంజనీరు ఎవరూ నొచ్చుకోరు.

ఫోన్లో ఇవి చెప్పండి: మోడల్ పేరు, కోడ్, ఇప్పుడు ప్రెషర్ ఎంత, ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం చప్పుడొచ్చింది, మీరు ఏమేం చేశారు. మీరు చేసిన పొరపాటు కూడా దాచకుండా చెప్పండి. వాల్వు తెరిచి వదిలేశానని చెబితే అతను నేరుగా ఆ సేఫ్టీ వాల్వే చూస్తాడు.

అతను వెళ్లేముందు మీ ముందే ఒకసారి హీటింగ్, ఒకసారి వేడినీళ్లు రెండూ వేయించి చూడండి. మూత స్క్రూలన్నీ బిగించాడో లేదో కళ్లతో చూసుకోండి. ప్రెషర్ ఎంతుందో ఆ కాగితం మీద రాసుకుని, మర్నాడు పొద్దున బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి. చల్లారాక కొంచెం దిగడం మామూలే, 1 కంటే కిందికి దిగితే మాత్రం అదే రోజు ఫోన్ చేయండి.